మాటకన్నా ముందు వేషానికే చప్పట్లు

పిల్లలూ,

బడి నాటకంలో కిరీటం జారకుండా పట్టుకునే హడావిడిలో డైలాగులు మరిచిపోయానని పెద్దవాడు రాశాడు. చదివి నవ్వుకున్నాను. నాయనా, ప్రాచీన రోమ్‌లో విషాద నాటకాలాడిన నటుల అవస్థ ముందు నీ కిరీటం ఏపాటిది!

కాళ్ల దగ్గరి నుంచి చెబుతాను. వాళ్లు కొథుర్నుస్ అనే జోళ్లు తొడుక్కునేవారు. పాత గ్రీకు రోజుల్లో అవి మెత్తటి, పలుచటి అడుగున్న జోళ్లే. రోమన్ చక్రవర్తుల కాలానికి ఆ అడుగు కాస్తా పీటలా మందమైంది. మనిషి ఎత్తు పెరిగితే మరీ బక్కగా కనిపిస్తాడు కదా! అందుకని ఛాతీకి, పొట్టకు లోపల మెత్తలు కట్టేవారు. పైన నేల మీద జీరాడే సిర్మా అనే అంగీ. ఇక ముసుగు ముఖానికి మాత్రమే కాదు, జుట్టుతో సహా తలంతా కప్పేసేది. నుదుటి మీద జుట్టు గోపురంలా లేచి ఉండేది, నోరు బారున తెరుచుకుని ఉండేది. రాణి వేషమైనా లోపల ఉండేది మగవాడే. ముసుగును లాటిన్‌లో పెర్సోనా అంటారు. మీరు ఇంగ్లీషు పాఠంలో చదివే ‘పర్సన్’ అందులోంచి వచ్చిందే.

పారిస్‌లోని పెటి పలే మ్యూజియంలో ఇలాంటి నటుడి చిన్న దంతపు బొమ్మ ఉంది. అంగీ మీది నీలిరంగు ఇంకా కనిపిస్తుంది. పాదాల కింద పొడుగాటి దిమ్మెలున్నాయి. అవి జోళ్ల అడుగులా, బొమ్మను పీఠంలో గుచ్చడానికి చెక్కిన మేకులా అన్నది పండితుల మధ్య తెగని తగాదా. నాకైతే మేకులనే అనిపిస్తుంది. అంత ఎత్తు మీద ఎవరు నడవగలరు?

రోమన్లకు బట్టల మీద ఎంత ధ్యాసంటే, నాటకాల రకాలకు పేర్లు కూడా వాటిని బట్టే పెట్టారు. గ్రీకు కథ ఆడితే క్రెపిదాతా, అంటే గ్రీకు చెప్పుల నాటకం. రోమన్ కథ అయితే ప్రెటెక్స్‌టా. అది అధికారులు కట్టే ఊదా అంచు వస్త్రం పేరు. కవి హొరేస్ దీని మీద ఒక చురక వేశాడు. నటుడు రంగం మీదికి రాగానే చప్పట్లు మోగాయట. “అప్పుడే ఏమైనా అన్నాడా?” “ఏమీ అనలేదు.” “మరి ఏం నచ్చింది?” “టారెంటమ్ ఊరి ఊదారంగు అద్దిన ఆ ఉన్ని బట్ట!”

ఈ వేషం అందరికీ నచ్చేదని కాదు. నీరో కాలంలో ఇలాంటి నటుడొకడు స్పెయిన్‌లో ఒక ఊరికి వెళ్లాడట. అక్కడివాళ్లు అంతకు ముందు విషాద నాటకం చూసి ఎరుగరు. ఆ జోళ్లు, ఆ తెరిచిన నోరు చూసి ముందే బిక్కచచ్చిపోయారు. అతను గొంతెత్తగానే దయ్యం అరిచినట్టు చాలామంది పరుగు లంకించుకున్నారని గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ రాశాడు.

ఇక పడిపోతే? అదీ చెప్పినవాడున్నాడు, లూషియన్ అనే గ్రీకు రచయిత. రాజు వేషగాడు కాలు తడబడి పడితే కిరీటంతో సహా ముసుగు పగిలిపోతుంది. నెత్తురోడుతున్న అసలు తల బయటపడుతుంది. అంగీ కింద చిరుగు గుడ్డలు, కాలికి సరిపడని జోళ్లు కనిపిస్తాయి. జనం విరగబడి నవ్వుతారు.

నీ కిరీటం జారిందే కానీ నువ్వు పడలేదుగా! వచ్చేసారి దాని వెనక తాడు అమ్మమ్మ చేత కట్టించుకో. ఆవిడ వేసిన ముడి నేనే విప్పలేను.

మీ తాతయ్య