జాతీయ ప్రయోగశాలలో ఇంటర్న్‌షిప్: పైరవీ అపోహ, అసలు దారి

హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ దారిలో సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలు మూడున్నాయి: రసాయన సాంకేతికతకు ఐఐసీటీ, జీవశాస్త్రానికి సీసీఎంబీ, భూభౌతిక శాస్త్రానికి ఎన్‌జీఆర్‌ఐ. జాతీయ ప్రయోగశాలలో నీటి విశ్లేషణ పనిలో ఉన్నవాడిని కాబట్టి, ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల కళాశాలలకు అప్పుడప్పుడు ప్రసంగాలకు వెళ్తుంటాను. ప్రసంగం ముగిశాక వేదిక పక్కకు వచ్చి విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: "సార్, లోపల మనోళ్లెవరైనా ఉండాలా? మొత్తం ఎంతయితది?"

అపోహ: పైరవీ లేనిదే, డబ్బు కట్టనిదే ఇంటర్న్‌షిప్ దొరకదు.

వాస్తవం: విద్యార్థిని తీసుకోవాలా వద్దా అన్నది ముందుగా పని నేర్పే శాస్త్రవేత్త నిర్ణయం. తన దగ్గర బల్ల ఖాళీగా ఉందా, నేర్పడానికి పరిశోధక విద్యార్థి ఎవరైనా ఉన్నారా, వచ్చే పిల్లకు ఆ పని మీద నిజంగా ఆసక్తి ఉందా అని చూసుకుంటారు. ఆయన సరేనంటే కళాశాల నుంచి బోనఫైడ్ పత్రం, విభాగాధిపతి లేఖ తెప్పించుకుని, సంస్థ అనుమతి తీసుకుంటారు. ఈ వరుసలో మధ్యవర్తికి చోటెక్కడా లేదు. కొన్ని ప్రయోగశాలలు ప్రాజెక్టు విద్యార్థుల నుంచి శిక్షణ రుసుము తీసుకునే మాట నిజమే. అయితే అది సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటించిన రుసుము, ఎంపిక అయ్యాక కట్టేది, సంస్థ ఖాతాలోకే వెళ్లేది, రసీదు వచ్చేది. ఎవరి సొంత ఫోన్ నంబరుకో పంపమంటే, అడిగినవారు ఎంత పెద్ద పేరు చెప్పినా అది మోసమే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి నాకు ఫోన్ చేసి, "సారూ, మా బిడ్డకు సీటు పక్కా అయినట్టేనా?" అని అడిగారు. పత్తి అమ్మగా వచ్చిన డబ్బులో నుంచి ఒక ఏజెంటుకు కట్టి, ఆయన ఇచ్చిన కాగితాన్ని నాకు వాట్సాప్‌లో పంపారు. పైన ముద్ర ఉంది, కింద సంతకం ఉంది. ఏ శాస్త్రవేత్త దగ్గర పనిచేయాలో ఆ పేరు లేదు, ఏ విభాగమో లేదు, ఉత్తర్వు సంఖ్య లేదు, ఈమెయిల్ చిరునామా మామూలు జీమెయిల్. సీఎస్ఐఆర్ ప్రయోగశాలల చిరునామాలు ఎక్కువగా 'రెస్ డాట్ ఇన్' లేదా 'గవ్ డాట్ ఇన్' అని ముగుస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం నకిలీదని చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టమనిపించింది. పోయిన డబ్బు ఒక ఎత్తయితే, సీటు వచ్చేసిందన్న ధీమాతో ఆ అమ్మాయి మరెక్కడా దరఖాస్తు చేయలేదు. ఆ వేసవి మొత్తం వృథా అయింది. ఆ తండ్రిని తప్పుపట్టలేను. మన దగ్గర ఏ పనికైనా ఎవరినో ఒకరిని పట్టుకోవాలని చూసి చూసి అలవాటైన మనిషికి, ఈ పని మాత్రం ఉత్తరం రాస్తే అవుతుందంటే నమ్మకం కుదరదు. ఆ భయాన్ని అమ్ముకునేవారిమీదే నా కోపమంతా.

ఉత్తరం రాస్తే అవుతుంది, అయితే ఎలాంటి ఉత్తరం అన్నది ముఖ్యం. "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేయాలని నా ఆకాంక్ష" అంటూ ఒకే లేఖను యాభై మందికి ఒకేసారి పంపితే ఎవరూ జవాబివ్వరు. మర్రిగూడ ప్రాంతం నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని రాసిన లేఖ నాకు బాగా గుర్తుంది. తమ ఊరి బోర్ల నీటిలో పీహెచ్, కాఠిన్యం కళాశాలలోనే కొలిచానని, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ అక్కడ లేదని, అది నేర్చుకోవడానికి రెండు నెలలు అవకాశం ఇవ్వమని నాలుగే వాక్యాల్లో రాసింది. ఆమె తరఫున ఎవరూ ఫోన్ చేయలేదు. పిలిచాము.

"అక్కడికి పోతే గాజు సామాను కడిగిస్తారంతే" అన్నది మరో మాట. కడగాలి, నిజమే, మేమూ కడుగుతాము. కానీ ఆ అమ్మాయి నేర్చుకున్నది చూడండి. మొదటిసారి నీళ్లను గాజు సీసాల్లో తెచ్చింది. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపే గుణం కలది కాబట్టి ప్లాస్టిక్ సీసాల్లో మళ్లీ పట్టించాము. తర్వాత పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించిన నీటిని కొలవాల్సి వచ్చింది. ఇది నాగపూర్‌లోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల నీరీ 1970లలో రూపొందించి, మన జిల్లా పేరే పెట్టిన 'నల్గొండ పద్ధతి'. పటిక నుంచి నీటిలో మిగిలిపోయే అల్యూమినియం కొంత ఫ్లోరైడ్‌ను తనతో కట్టేసుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు విడిగా ఉన్న ఫ్లోరైడ్ మాత్రమే కనిపిస్తుంది కాబట్టి, అలా కట్టుబడిన ఫ్లోరైడ్‌ను విడిపించే టిసాబ్ ద్రావణం కలపకుండా కొలిస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు సహిస్తారు. అలాంటప్పుడు ఒక ద్రావణం కలపడం మరిచిపోతే ప్రమాదకరమైన నీరు కాగితం మీద మంచినీరైపోతుంది. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకోవాల్సింది ఈ జాగ్రత్తే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఐఐటీ వాళ్లనే తీసుకుంటారన్నది అబద్ధం. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల పిల్లలు కూడా రావచ్చు, రావాలి. ఇంటర్న్‌షిప్ చేస్తే ఉద్యోగం ఇస్తారన్నది కూడా అబద్ధమే. శాశ్వత ఉద్యోగాలకు ప్రకటన వేరుగా వెలువడుతుంది. పరిశోధనలో చేరితే తిండికి కష్టమనేవారు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం ఉంటుందని తెలుసుకోవాలి. ఆవిష్కరణకు పెద్ద చదువే ఉండాలనేవారికి, ఆలేరు ప్రాంతం నుంచి వచ్చి, చేనేత ఆడవాళ్ల భుజాల నొప్పి తీర్చే, నూలు చుట్టే ఆసు యంత్రాన్ని తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారిని గుర్తుచేస్తే చాలు.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు విద్యార్థులే కాదు, మీరు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైనవారికి రెండు నెలల పనికి భృతి, రైలు ఛార్జీ వాళ్లే ఇస్తారు. వేసవికి చాలా నెలల ముందే దరఖాస్తులు తీసుకుంటారు కాబట్టి దసరా సెలవుల నుంచే ప్రకటన కోసం చూస్తుండండి. విద్యార్థి దరఖాస్తుకు మీ సిఫారసు లేఖ కావాలి. దాన్ని చివరి రోజు దాకా ఆపకండి, పేరు మార్చి అందరికీ ఒకే లేఖ ఇవ్వకండి. ఆ పిల్ల ఏ ప్రయోగం తన చేతులతో చేసింది, ఎక్కడ తప్పు పట్టుకుంది, ఏ పరికరం వాడగలదు అన్నవి మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. ఎంపిక చేసేవారు వెతికేది వాటినే.