అవ్వది కుడి, నాది ఎడమ

"సార్, ఇది మా తాత పెట్టెల దొరికింది. సముద్రపు గుల్లనే కదా? అంటే మన వరంగల్‌ల ఒకప్పుడు సముద్రం ఉండెనా?"

హన్మకొండలో మా వీధి చివర ఉండే ఇంటర్ అమ్మాయి వాట్సాప్‌లో పంపిన ప్రశ్న ఇది. తోడుగా ఒక ఫొటో. అరచేతిలో బొటనవేలంత రాయి, బూడిదరంగు, మెలి తిరిగిన గుల్ల ఆకారం.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. పద్మాక్షి గుట్ట ఎక్కినవాళ్ల కాళ్ల కింద ఉండే మన గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఒంటిమీద గట్టి గుల్ల కట్టుకునే జంతువులు వచ్చి 54 కోట్ల ఏళ్లే. పాకాల వైపు కనిపించే పొరల రాళ్లు కూడా గుల్లల కన్నా పాతవే. వరంగల్ బండలో గుల్ల దొరకదు. ఇది ఎక్కడినుంచో వచ్చింది.

ఎక్కడినుంచి అంటే ఇంట్లో రెండు మాటలున్నాయి. అవ్వ మాట: "రామేశ్వరం బోయినప్పుడు తెచ్చిండు బిడ్డా. కుడి సుట్టు శంఖమని చెప్పి నా చేతుల పెట్టిండు, దేవుని కాడ పెట్టుకున్న." పెదనాన్న మాట వేరు: "నాయిన బస్సు నడిపినన్ని రోజులు నిర్మల్, ఆదిలాబాద్ దిక్కే తిరిగిండు. ఆ ఘాట్‌ల యాడనో ఏరుకొచ్చి ఉంటడు." తాత లేడు, అడగడానికి. ఇక గుల్లనే అడగాలి.

ఫొటో చూసి నేను తప్పు చెప్పాను. గుల్ల నోరు కుడివైపు కనిపించింది. లోకంలో నూటికి తొంభైకి పైగా నత్తజాతులు అలాంటివే కాబట్టి దాంతో ఏమీ తేలదు అన్నాను. మర్నాడు గుల్ల చేతికొచ్చాక చూస్తే నోరు ఎడమవైపు ఉంది! అమ్మాయి సెల్ఫీ కెమెరాతో తీసింది. అది అద్దంలా తిప్పి చూపిస్తుంది, కొన్ని ఫోన్లు ఫొటోను అలాగే దాచేస్తాయి. రెంబ్రాంట్ అంతటివాడికే ఇది జరిగింది. 1650లో ఆయన రాగిరేకు మీద ఒక శంకుగుల్లను చూసింది చూసినట్టు చెక్కాడు. కాగితం మీద అచ్చు పడేసరికి అది తిరగబడి, ప్రకృతిలో లేని ఎడమచుట్టు గుల్ల అయింది.

ఎడమో కుడో తేల్చే పద్ధతి చిన్నపిల్లలకు కూడా వస్తుంది. కొన పైకి, నోరు మన వైపుకు పెట్టి పట్టుకోవాలి. నోరు మన కుడిచేతి వైపుంటే కుడిచుట్టు, ఎడమచేతి వైపుంటే ఎడమచుట్టు. వరిమళ్లలో దొరికే పెద్ద నత్తగుల్ల తెచ్చి చూడండి, కుడిచుట్టే. తరగతిలో నత్త బొమ్మ గీయించి భాగాలకు పేర్లు రాయిస్తాం గానీ, గుల్లను చేతికిచ్చి "నోరు ఎటుంది?" అని అడగం. అడిగితే ఆ తరగతి పిల్లలు జీవితాంతం మర్చిపోరు.

మరి అవ్వ "కుడి సుట్టు" అంటోంది కదా? ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన ముడి ఉంది. పూజలో శంఖాన్ని కొన కిందికి, సన్నటి మూతి పైకి ఉండేలా పడతారు. శాస్త్రవేత్తలు కొన పైకి పెడతారు. తలకిందులు చేయగానే ఎడమన ఉన్న నోరు కుడికి వస్తుంది. అందుకే శాస్త్రం ఎడమచుట్టు అనేదాన్ని మన పెద్దలు దక్షిణావర్తం అన్నారు. శంఖాల్లో మామూలుగా దొరికేది శాస్త్రం లెక్కలో కుడిచుట్టు, పూజ లెక్కలో వామావర్తం. పట్టుకునే తీరు మారితే నోరున్న వైపు మారుతుంది, మెలిక మాత్రం మారదు. సైకిల్ ఎడమ పెడల్ మర ఎడమచుట్టు. దాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఎడమచుట్టే, కుడి పెడల్ రంధ్రంలోకి ఎక్కదు. కనుక అవ్వ అన్న "కుడి సుట్టు" మాట అక్షరాలా సరైనది. తాత ఆ అరుదైన మెలికను గుర్తుపట్టే ఏరాడు.

ఈ అరుదు పేరు మీద మోసమూ జరుగుతోంది. దక్షిణావర్త శంఖమని అమ్మేవాటిలో చాలా వరకు అమెరికా తీరాల్లో దొరికే బుసికాన్ నత్తల్లో ఒక జాతి గుల్లలు. ఆ జాతి పుట్టుకతోనే ఎడమచుట్టు, అక్కడ అది మామూలు సరుకు. అసలైన శంఖానికి నోటి లోపల నడిమి కంబం మీద మూడు నాలుగు మడతలుంటాయి. బుసికాన్‌కు ఉండవు. డబ్బు తీసే ముందు వేలు పెట్టి తడిమి చూడండి.

మెలిక ఎటన్నది గుల్ల కట్టకముందే, పిండంలోనే తేలిపోతుంది. నాలుగు కణాల పిండం ఎనిమిది కణాలయ్యేటప్పుడు పై నాలుగు చిన్న కణాలు కిందివాటి నెత్తిన నిటారుగా కూర్చోవు. ఒక పక్కకు మెలి తిరిగి సందుల్లో సర్దుకుంటాయి. ఆ మెలి ఎటైతే గుల్ల అటే. 1923లో బాయ్‌కాట్, డైవర్ అనే శాస్త్రవేత్తలు లిమ్నియా అనే మంచినీటి నత్తలను తరాల తరబడి పెంచి ఒక వింత చూశారు. పిల్ల చుట్టు దాని సొంత జన్యువులను బట్టి కాక తల్లి జన్యువులను బట్టి ఉంటుంది! తల్లి గుల్ల ఎడమదైనా సరే, దానిలో కుడి జన్యువు ఒక్కటుంటే పిల్లలన్నీ కుడివే. గుడ్డులో తల్లి ముందే నింపి పెట్టిన పదార్థమే తొలి మెలికను నడిపిస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. 2009లో జపాన్‌లో రేకో కురోడా బృందం సన్నటి గాజుపుల్లతో ఆ కణాలను ఎదురు దిక్కుకు నెట్టింది. పిండాలు తిరగబడిన గుల్లలతోనే పెరిగి పెద్దవయ్యాయి. కణం లోపలి అస్థిపంజరాన్ని అల్లే ఫార్మిన్ అనే ప్రోటీన్ జన్యువే ఇందుకు మూలమని 2016లో తెలిసింది. 2019లో ఆ ఒక్క జన్యువును క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే పద్ధతితో పాడుచేస్తే కుడి నత్తల వంశంలో ఎడమ నత్తలు పుట్టాయి. నత్తల జననాంగం ఒక పక్కకు ఉంటుంది కనుక ఎదురుచుట్టు నత్తకు జత కుదరడం కష్టం. అందుకే ఒక్కో జాతి ఒక్కో చుట్టుకు కట్టుబడి ఉంటుంది.

మన గుల్లకు వద్దాం. నిమ్మరసం చుక్క వేస్తే నురగ రాలేదు. సముద్రపు గుల్ల సున్నం సరుకు, దాని పొడి నురగ కక్కుతుంది. చాకుతో గీస్తే రాయి మీద గీత పడలేదు, చాకు ఇనుమే రాయికి అంటింది. అంటే చెకుముకిరాయి. అసలు గుల్ల ఏనాడో కరిగిపోయి, లోపల నిండిన సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, గట్టిపడింది. అచ్చులో పోసిన పోత లాంటిదన్నమాట. లోపలి పోతకు గుల్ల చుట్టే వస్తుంది. బండ మీద పడిన బయటి ముద్రలో మాత్రం చుట్టు తిరగబడి కనిపిస్తుంది. ఇది పోతే.

చివరి సాక్ష్యం నోట్లో ఉంది. నోటికి అడ్డంపడిన చెకుముకిలో భూతద్దం కింద ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి గింజలు కనిపించాయి. ఒక్కోదాని మీద మెలి తిరిగిన గట్లు. అవి కారా అనే నీటి పాచికి కాసే గింజల్లాంటివి. కారా నిలకడ నీటి మడుగుల్లో పెరుగుతుంది. వీటి గట్లు కూడా ఎడమచుట్టే. కుడిచుట్టు కారా వంశాలు డైనోసార్ల కాలానికి ముందే అంతరించాయి.

ఎడమచుట్టు, పొట్టి కొన, ఉబ్బిన చివరి చుట్టు, చెకుముకి, కారా గింజలు. ఇన్నీ కలిస్తే ఒకటే పేరు: ఫైసా ప్రిన్సెపీ. ఇప్పుడు ప్లాటీఫైసా అంటున్నారు. మంచినీటి నత్త. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా పొరలు పొరలుగా పారుతున్నప్పుడు, ఒక పారుడుకూ ఇంకో పారుడుకూ మధ్య విరామంలో ఏర్పడ్డ చెరువుల్లో బతికింది. తర్వాతి లావా వచ్చి చెరువును కప్పేసింది. నీళ్లలో కరిగి ఉన్న సిలికా బురదను, నత్తను కలిపి రాయి చేసింది. అదే చెరువుల్లో కుడిచుట్టు లిమ్నియాలూ ఉండేవి.

ఈ నత్త శాస్త్రానికి మొదట తెలిసింది మన వైపునుంచే. మద్రాసు సైన్యంలో వైద్యుడు మాల్కంసన్ 1830లలో నిర్మల్‌కు ఉత్తరాన గుట్టల్లో వీటిని ఏరి లండన్‌కు చేర్చాడు. 1840లో సోవర్బీ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరు పెట్టాడు. బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరే నత్తకు వచ్చింది. కారాల్లో ఒకదానికి మాల్కంసన్ పేరే పెట్టారు.

అంటే పెదనాన్న మాట నిజమా? సముద్రపుది కాదన్నంతవరకు గుల్ల చెబుతోంది. అయితే ఇవే నత్తలు నాగపూర్‌లో, జబల్‌పూర్ దాకా కూడా దొరుకుతాయి. ఏ గుట్టదో గుల్ల చెప్పదు. అమ్మాయి ఒక చీటీ రాసింది: పేరు, వయసు, "ఎడమచుట్టు (అవ్వ లెక్కలో కుడి)". "దొరికిన చోటు" అన్న గడి ఖాళీగా వదిలింది. తాత బస్సు ఘాట్‌లో ఎక్కడెక్కడ ఆగేదో పెదనాన్నను కూర్చోబెట్టి అడుగుతోంది.

గుల్లను మాత్రం అవ్వ మళ్లీ దేవుడి గూట్లో పెట్టుకుంది, కొన కిందికి, నోరు కుడికి.