కాళ్ళు కడిగితే మాట ఎవరు వింటారు?

చిన్నీకీ, నానికీ, వాళ్ళ భుజాల మీంచి తొంగి చూసి చదివే మిగతా పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

చిన్నీ, నీ ఉత్తరం అందింది. గుడ్ ఫ్రైడే ముందు రోజు, గురువారం ఆరాధనలో పాస్టరు గారు పన్నెండు మందిని వరసగా కూర్చోబెట్టి కాళ్ళు కడిగారనీ, అందులో మన నాని ఒకడనీ రాశావు. అరికాలికి తడి చెయ్యి తగలగానే వాడికి చక్కిలిగింత పుట్టి కిసుక్కుమన్నాడట, అమ్మ అక్కణ్నుంచే కళ్ళెర్రజేసిందట. నవ్వితే తప్పేం లేదని అమ్మతో నేనన్నానని చెప్పు. చివర్లో నువ్వు అడిగిన మాట మాత్రం నన్ను రెండు రోజులు ఊరికే కూర్చోనివ్వలేదు. "అంత పెద్దాయన అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల కాళ్ళు కడిగితే, రేపటి నుంచి ఆయన మాట ఎవరు వింటారు తాతయ్యా?"

పెద్దవాళ్ళకూ ఈ అనుమానం ఉంటుంది. పైకి అడగరు, అంతే.

సిద్ధాంతం చెప్పడం నాకు చేతకాదు. లాంతరు సంగతి చెప్తాను.

నా చిన్నతనంలో మా ప్రార్థన మందిరానికి కరెంటు లేదు. ప్రసంగ పీఠం పక్కన కొక్కేనికి ఒక పెద్ద లాంతరు వేలాడేది. దాని గ్లాసు తుడిచే పని నాది. నా భక్తి చూసి ఇచ్చారనుకునేరు. గ్లాసు మూతి సన్నం, పెద్దవాళ్ళ చెయ్యి పట్టదు. ఎనిమిదేళ్ళ వాడి చెయ్యి సరిగ్గా పట్టేది. ముందు గ్లాసులోకి 'హా' అని ఊదాలి. ఆవిరి కమ్ముకోగానే పాత పంచె ముక్క లోపలికి దూర్చి వేళ్ళతో గుండ్రంగా తిప్పాలి. మసంతా పోయిందనుకుని వెలుతురుకి ఎత్తి చూస్తే అడుగున ఎక్కడో గోధుమరంగు చార ఒకటి నవ్వుతూ ఉండేది. మళ్ళీ 'హా'. మళ్ళీ గుడ్డ. ఈ లోపు నా ముక్కు మీద, చెవి మీద మసి. తుడిచినది ఎవరో అడగక్కర్లేకుండా ముఖమే చెప్పేది.

ఆ గ్లాసు దగ్గర నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. గ్లాసు తనంతట తాను వెలగదు. వెలిగేది లోపలున్న మంట. అలాగని గ్లాసు తీసేస్తే మంట గాలికి రెపరెపలాడి పొగ చిమ్ముతుంది. గ్లాసు గాలికి అడ్డుపడుతుంది, కింద నుంచి గాలిని పైకి లాగి మంటని నిటారుగా నిలబెడుతుంది కూడా. అంటే దానికి పెద్ద పనే ఉంది. కానీ బాగా తుడిచిన రోజున గ్లాసు ఉన్నట్టే తెలియదు, వెలుగే కనిపిస్తుంది. మసి పట్టిన రోజునే అందరూ గ్లాసు వంక చూస్తారు.

సంఘంలో పెద్ద అంటే నా లెక్కలో ఆ గ్లాసు. దేవుడి వెలుగు ఆయన సొంతం కాదు. ఆయన చుట్టూ నిలబడి కాపాడతాడు, తాను అడ్డం రాకుండా చూసుకుంటాడు. పోలిక బాగుంది కదా? ఇంకొంచెం సాగదీస్తాను. వత్తి మరీ పైకి తిప్పితే ఏమవుతుంది? నిమిషం పాటు ధగధగ వెలుగుతుంది, ఆ వెంటనే నల్లటి పొగ లేచి గ్లాసంతా మసి. నా అంత ప్రసంగీకుడు లేడని కొందరు వత్తి పెంచుకుంటూ పోవడం చూశాను. వేడి గ్లాసు మీద ఒక్క చన్నీటి చుక్క పడితే చాలు, టప్పుమని పగులుతుంది. కొందరు పెద్దలు అంతే, ఎవరైనా ఒక్క మాట అంటే పగిలిపోతారు. మరి కిరసనాయిలు ఎవరు తాతయ్యా అని నాని అడుగుతాడు, నాకు తెలుసు. సంఘస్తులు అందామంటే వాళ్ళు మండిపోవాల్సి వస్తుంది. సరే, పోలిక ఇక్కడితో ఆపేస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక సాయంత్రం ఆటలో పడి ఆలస్యంగా వచ్చాను. గ్లాసులో జనం వైపు ఉండే సగం మాత్రం గబగబా తుడిచి, పీఠం వైపు సగం అలాగే వదిలేసి తగిలించాను. జనానికి వెలుతురు బాగానే పడింది. ఎవరూ ఏమీ అనలేదు. పాఠం చదవడానికి మా ముసలి పాస్టరు గారు లేచి, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దూరం జరిపి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఒక మాట తప్పు చదివారు. వెనక ఎవరో నవ్వారు. ఆయనకు చూపు తగ్గిందనుకున్నారు. మసి సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఎందుకంటే మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన మందిరం గడప మీద కూర్చుని, చెయ్యి పట్టదు కాబట్టి పుల్లకి గుడ్డ చుట్టుకుని, ఆ గ్లాసు తుడుస్తున్నారు. నన్ను తిట్టలేదు. "చార ఇంకా ఉందా చూడు బాబూ, నీ కళ్ళు మంచివి" అని గ్లాసు నా చేతికిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన ఏ పని చెప్పినా కాదనలేదు నేను. నీ ప్రశ్నకు నా దగ్గరున్న మొదటి జవాబు ఇదే చిన్నీ.

ఇక మీ పాస్టరు గారు చేసిన పనికి మూలమైన అసలు కథకు, యేసు తన శిష్యుల కాళ్ళు కడిగిన కథకు వద్దాం. ఆ కాలంలో మట్టి దారుల్లో చెప్పులేసుకుని నడిచొచ్చిన వాళ్ళ కాళ్ళు కడగడం ఇంట్లో అందరికంటే కింది పనివాడి పని. యేసు శిష్యులు దారిలో మనలో ఎవరు గొప్ప అని వాదించుకున్నవాళ్ళు. యేసును పట్టుకోవడానికి ముందు, ఆ చివరి రాత్రి భోజనాల బల్ల దగ్గర కూడా అదే గొడవ వచ్చిందని లూకా తన సువార్తలో రాశాడు. అలాంటివాళ్ళలో పళ్ళెం ఎవడు పట్టుకుంటాడు? ఆయనే లేచాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోశాడు. కడిగింది ఏ తువాలుతో తుడిచాడో చూశారా? నడుముకు కట్టుకున్న దానితోనే. అంటే లేచి నిలబడేసరికి పన్నెండు మంది కాళ్ళ దుమ్మూ ఆయన బట్ట మీదే ఉండి ఉంటుంది.

ఆ తర్వాత ఆయన మళ్ళీ వస్త్రం వేసుకుని కూర్చుని ఏమన్నాడో బైబిల్లో యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో మీరే చదవండి. మీరు నన్ను బోధకుడు, ప్రభువు అంటున్నారు, అది సరైనదే అన్నాడు. నేను పెద్దని కాదులెండి అని మొహమాటపడలేదు. పెద్దరికం ఉంచుకునే కాళ్ళు కడిగాడు. వినయం అంటే తల వంచుకుని 'నేనెంత వాణ్ణండీ' అనడం అనుకుంటారు చాలామంది. అలా అంటూనే ముందు వరస కుర్చీ వదలని వాళ్ళు నాకు తెలుసు.

మాటల సరదా ఒకటి చెప్పనా? మినిస్టర్ అనగానే మనకు కారు, సైరన్ గుర్తొస్తాయి. లాటిన్‌లో ఆ మాటకు పనివాడు అని అర్థం, 'తక్కువ' అనే మాట నుంచి పుట్టింది. మాస్టరేమో 'ఎక్కువ' అనే మాట నుంచి వచ్చాడు. డీకన్ అంటే గ్రీకులో పరిచారకుడు. పాస్టర్ అంటే గొర్రెల కాపరి. 590లో రోమ్‌లో పోప్ అయిన మొదటి గ్రెగొరీ తనను తాను 'దేవుని సేవకుల సేవకుడు' అని రాసుకునేవాడు, పోపులకు ఆ బిరుదు ఇప్పటికీ ఉంది. చర్చిలో ఏ పదవి పేరు గోకినా లోపల ఒక పనివాడు కనిపిస్తాడు. పేరుకేం, పెట్టుకోవచ్చు. పేరు వెనక రోజూ గ్లాసు తుడవాలి కదా.

రోజూ అన్నాను కాబట్టి బైబిల్లోని సమూయేలు గుర్తొచ్చాడు. మీ వయసు వాడే. షిలోహు మందిరంలో ముసలి యాజకుడు ఏలీ దగ్గర ఉండేవాడు. వాళ్ళమ్మ ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ఏలీ కొడుకులూ యాజకులే, కానీ ఆ రోజుల్లో బలి మాంసం కుండలో ఉడుకుతుండగానే వాళ్ళ పనివాడు మూడు ముళ్ళ కొంకి దించి, ఎంత పైకొస్తే అంత పట్టుకుపోయేవాడు. ఇవ్వకపోతే బలవంతంగా లాక్కుంటామనేవాడు. దేవుడి ఇంట్లో పెద్దరికం కొంకి అయిపోతే ఎలా ఉంటుందో చూడండి.

ఒక రాత్రి, మందిరంలో దీపం ఇంకా ఆరకముందు, దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిచాడు. ఆ తర్వాతి కథ మీకు తెలుసు, ఏలీయే పిలిచాడనుకుని మూడుసార్లు ఆయన దగ్గరికి పరిగెత్తడం అదీ. నాకు ఏలీ మీద జాలి, గౌరవం రెండూ ఇక్కడే. స్వరం తనకు రాలేదు, తన దగ్గర పనిచేసే పసివాడికి వచ్చింది. అది అర్థమయ్యాక కూడా ఆ ముసలాయన ఉడుక్కోకుండా, ఈసారి పిలిస్తే ఇలా జవాబు చెప్పు అని నేర్పించి పంపాడు. కొడుకులను అదుపు చెయ్యలేని బలహీనుడే, కాదనను. ఆ ఒక్క రాత్రి మాత్రం గ్లాసు శుభ్రంగా ఉంది.

పిల్లవాడు విన్నది మామూలు మాట కాదు, ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. అంత పెద్ద సంగతి విన్నాక మర్నాడు పొద్దున్నే ఏం చేశాడు? చాటింపు వేశాడా? తెల్లవారే దాకా పడుకుని, లేచి మందిరం తలుపులు తీశాడని రాసి ఉంది. రోజూ చేసే పనే. నమ్మకత్వం అనే మాటకు నాకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకలేదు. కడుపులో బోలెడంత టెన్షన్ ఉంది, అయినా తలుపులు తీశాడు. ఏలీ అడిగితే ఒక్క మాట దాచకుండా చెప్పాడు.

ఆ పిల్లవాడే పెరిగి జనానికి పెద్దై, ముసలివాడయ్యాక వాళ్ళ ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను, చెప్పండి, ఇచ్చేస్తాను అని అడిగాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు అన్నారు జనం. అంత ధైర్యంగా అడగగలిగిన పెద్దలు ఎంతమంది ఉంటారు? అయితే ఆయన ఇద్దరు కొడుకులూ బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు మనసు బరువవుతుంది. నమ్మకత్వం వారసత్వంగా రాదేమో. ఎవరి గ్లాసు వాళ్ళే తుడుచుకోవాలి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, మీరు పిల్లలైనా సరే. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక సంఘంలో చందా డబ్బు అంతా ఒకాయన ఒక్కడే లెక్కపెట్టి ఒక్కడే దాచేవాడు. తిన్నాడని నేననను. కానీ పుస్తకం అడిగిన వాళ్ళ మీద కోపం చేసేవాడు. రెండేళ్ళలో సంఘం రెండు ముక్కలైంది. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు అంతటి వాడే యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన డబ్బు ఒంటరిగా మొయ్యలేదు. ఎవరూ తప్పు పట్టకుండా తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా వెంట పెట్టుకున్నాడు. దేవుడి ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని జాగ్రత్త పడుతున్నాం అని రాశాడు. నన్ను నమ్మరా అని అలగలేదు. లెక్క చూపించమంటే అలగకపోవడం కూడా వినయంలో ఒక రకమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. ఆ రాత్రి యేసు కాళ్ళు కడిగినప్పుడు, ఆయన్ని పట్టించబోయే శిష్యుడు యూదా ఇంకా అక్కడే ఉన్నాడు. అందరి డబ్బు సంచీ మోసేవాడు వాడే, అందులోంచి దొంగిలించేవాడు కూడా. ఇంకాసేపట్లో వాడు ఏం చెయ్యబోతున్నాడో ఆయనకు తెలుసు. అయినా వాడి దగ్గరికి వచ్చినప్పుడు పళ్ళెం పక్కకు జరపలేదు. ఆ కాళ్ళు కూడా తుడిచాడు. ఆ కాళ్ళే లేచి చీకట్లోకి వెళ్ళిపోయాయి. ఎందుకలా చేశాడో వివరించమని నన్నడక్కండి. అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఇప్పుడు మీకో పని. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే ఇంటికి పరిగెత్తకండి, పది నిమిషాలు ఆగండి. కుర్చీలు ఎవరు సర్దుతున్నారో, ఫ్యాన్లు ఎవరు ఆపుతున్నారో, నడవలేని ముసలమ్మ చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర ఎవరు పెడుతున్నారో చూడండి. ఆ పై ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి తలుపులు తీసేది ఎవరో చూడండి. నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు, ఏం చేస్తుంటే చూశారో అది రాయండి చాలు.

నాని గాడు లాంతరు చూడాలంటాడు. మన అటక మీదే ఉంది, గోనెసంచిలో చుట్టి పెట్టాను. సెలవులకు వచ్చినప్పుడు నేనే దించుతాను. నా చెయ్యి ఇప్పుడు గ్లాసులో పట్టదు, వాడి చెయ్యి పడుతుందేమో చూద్దాం.

ప్రేమతో,
మీ తాతయ్య