సాగే కథంటే డెల్టాకు ఎందుకంత ఇష్టం?

'కార్తీక దీపం' టీవీ సీరియల్ మొదటి భాగం 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. ఐదేళ్లకు పైగా, 1,500 దాటిన ఎపిసోడ్లు. అందులో చాలా కాలం కథంతా ఒక్క అనుమానం చుట్టూ తిరిగింది. దీప కడుపున పుట్టిన బిడ్డ తనదా కాదా అన్నది ఆమె భర్త డాక్టర్ బాబు అనుమానం. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే సంగతిని ఏళ్ల తరబడి లాగుతారా అని అమలాపురం బస్సుల్లో, భీమవరం చేపల చెరువుల గట్ల మీద జనం విసుక్కున్నారు. అలా విసుక్కున్నవాళ్లే రాత్రయ్యేసరికి ఆ సీరియల్ ముందు కూర్చున్నారు.

ఇంట్లో పనీపాటా లేక చూస్తారులే అని చాలామంది తేల్చేస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. గోదావరి డెల్టాలో పనిలేని ఆడవాళ్లు నాకెక్కడా కనిపించలేదు. ఏళ్లపాటు సాగే కథను రోజుకింత చొప్పున వినడం ఇక్కడ టీవీకి చాలా ముందునుంచీ ఉన్న రుచి. ఆ రుచి ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే, ఏ సీరియల్ ఎందుకు నచ్చుతుందో, ఏది ఎప్పుడు మొహం మొత్తుతుందో కూడా తెలుస్తుంది.

భారతం నుంచే మొదలుపెట్టాలి. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ 11వ శతాబ్దంలో తెలుగు భారతం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో వదిలి వెళ్లిపోయాడు. రెండు వందల ఏళ్ల తరవాత నెల్లూరులో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కను 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. రచయితలు మారినా కథ ఆగలేదు. ఆ కథను ఊళ్లలో ఎవరికి వారు చదువుకున్నదీ తక్కువే. గుడి మండపంలోనో, ఎవరి పెద్ద అరుగు మీదో సాయంత్రం పూట పురాణం చెప్పించుకుని నెలల తరబడి విన్నారు. మిగతాది రేపు చెప్పుకుందాం అని పౌరాణికుడు పుస్తకం మూసేవాడు.

వినేవాళ్లందరికీ కథ ముందే తెలుసు. అయినా ఎందుకు విన్నారు? కర్ణుడి పుట్టుక సంగతి చూడండి. అతను కుంతి కొడుకని మనకు ఆదిపర్వంలోనే తెలుసు. కర్ణుడికి తెలిసేది ఉద్యోగపర్వంలో. ధర్మరాజుకు తెలిసేసరికి యుద్ధం అయిపోయి, అన్న చనిపోయి, తిలోదకాలు వదిలే వేళ. ఆ కోపంలోనే ఆడవాళ్ల నోట రహస్యం దాగకూడదని శపించాడంటారు. ఇన్ని పర్వాల పొడుగునా మనం ఆ రహస్యాన్ని మోస్తూ కూర్చుంటాం. కర్ణార్జునులు ఎదురుపడిన ప్రతిసారీ గుండె పీకుతుంది, ఎందుకంటే వాళ్లకు తెలియనిది మనకు తెలుసు. సీరియల్లో ఆనందం నూటికి తొంభై పాళ్లు ఇదే. ఏం జరుగుతుంది అన్నదానికంటే, జరిగింది ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది అన్నదే జనాన్ని కూర్చోబెడుతుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే కరెంటు పోయిన మర్నాడు కాలువ రేవు దగ్గర మాటలు వింటే చాలు.

"నిన్న మా వైపు కరెంటు లేదండీ వదినగారూ, ఏం జరిగిందేంటి?"

"ఏం జరగలేదమ్మా. ఆవిడ కాఫీ పట్టుకుని తలుపు దగ్గర దాకా వచ్చి నిలబడిపోయింది. అంతే."

"లోపల వీళ్ల మాటలు వినేసిందా?"

"విన్నట్టే ఉందమ్మా."

"అయితే అంతా జరిగిపోయినట్టే కదండీ! ఏం జరగలేదంటారేంటి!"

గోడకు గోడ ఆనుకుని ఇళ్లు, ఒకే కాలువ, ఒకే రేవు, ఒకే సంత. ఇలాంటి ఊళ్లలో ఒక కబురు ఎవరి నోటినుంచి ఎవరి చెవికి ఏ వరసలో చేరిందన్నది చిన్న విషయం కాదు, పెళ్లి సంబంధాలు దానిమీద ఆధారపడతాయి. అందుకే తలుపు దగ్గర నిలబడిన ఆ కోడలు ఇక్కడివాళ్లకు అంత ముఖ్యం.

అచ్చులో సీరియల్ కూడా డెల్టా తలాపునే పుట్టింది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తన వివేకవర్ధని పత్రికలో విడతలుగా వేశారు. పుస్తకంగా వచ్చింది 1880లో. కథ మొదలయ్యేదే ధవళేశ్వరంలో. ఆనకట్ట పూర్తయి అప్పటికి పాతికేళ్లు దాటింది. కథ చూస్తే, బాగా బతికిన కుటుంబం, బంగారం చేసిపెడతానని నమ్మించి దోచుకుపోయిన బైరాగి, ఇల్లు వదిలి ప్రయాణం, దొంగలు, చనిపోయిందనుకున్న కూతురు రుక్మిణి బతికి రావడం, కాశీలో పోయాడని కబురొచ్చిన ఆమె భర్త కూడా తిరిగి రావడం. సంఘ సంస్కరణ కోసం రాసిన నవలే, కాదనను. పాఠకుణ్ణి తరవాతి సంచిక దాకా పట్టి ఉంచే విద్య మాత్రం పంతులుగారికి బాగా తెలుసు. పోయినవాళ్లు తిరిగొచ్చే మలుపును ఇవాళ టీవీవాళ్లు కనిపెట్టారని ఎవరైనా అంటే ఆ పుస్తకం చూపించొచ్చు.

తరవాత వారపత్రికల కాలం. 1960ల నుంచి 1980ల చివరి దాకా తెలుగు ఇళ్లలో సీరియల్ అంటే వారపత్రికలో వచ్చేదే. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్న రోజుల్లో పత్రిక కోసం బస్టాండు దాకా ఎదురెళ్లిన వాళ్లున్నారు. పత్రిక ఇంటికొస్తే ముందు ఎవరు చదవాలన్న దానిమీద తగువులు. చదివాక సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చింపి, కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి అట్ట వేసేవాళ్లు. అలాంటి కుట్టు పుస్తకాలు కోనసీమ ఇళ్లలో అటకల మీద ఇప్పటికీ దొరుకుతాయి. ఒకటి తిరగేశాను. ఒక్కో విడత మొదట్లో 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు, చివర సశేషం. వెనక పేజీలో సగం తెగిన వార ఫలాలు, పచ్చళ్ల ప్రకటన, ఎవరో పెన్సిలుతో వేసుకున్న పాల లెక్క. మార్జిన్లో ఇంకో చేతిరాత: 'వీడే దొంగ'. ఆ రాసిన తేదీ, ఆ వీడు నిజంగానే దొంగని బయటపడిన విడత తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఇంట్లో ఎవరో వారాల తరబడి ఆ మాట పట్టుకుని కూర్చున్నారని తెలుస్తుంది. రెండు విడతల మధ్య ఖాళీలో పాఠకులు చేసే పని ఇదే. ఊహించడం, పందెం కాయడం, పక్కవాళ్లతో వాదించడం. ఆ ఖాళీ లేకపోతే సీరియల్ లేదు.

టీవీ వచ్చిన మొదట్లో ఈ రుచికి పెద్దగా తిండి దొరకలేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. దేశంలో మొదటి దీర్ఘ సీరియల్ 'హమ్ లోగ్' 1984 జులైలో వచ్చింది, కుటుంబ నియంత్రణ వగైరా విషయాలు కథలో కలిపి చెప్పే మెక్సికో పద్ధతి చూసి తీసినది. అది హిందీ, అప్పటికి మన ఊళ్లలో టీవీలూ తక్కువే. 1987 జనవరిలో 'రామాయణ్' మొదలయ్యాక పరిస్థితి మారింది. హిందీ ముక్క రానివాళ్లు కూడా ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నారు. కథ తెలుసు కదా, భాష అడ్డం రాలేదు.

అసలు మలుపు 1995. ఆ ఏడు ఈటీవీ, జెమిని వచ్చాయి. వారానికో భాగం, పదమూడు వారాలకు ముగింపు అన్న లెక్క పోయి రోజూ ఒక భాగం అన్న పద్ధతి నిలదొక్కుకుంది. 1990ల చివర దూరదర్శన్‌లో మంజులా నాయుడి 'ఋతురాగాలు' వచ్చే వేళకు వీధులు పలచబడేవి, దాని టైటిల్ పాట ఇప్పటికీ చాలామందికి నోటికొచ్చు. ఆవిడే తీసిన 'చక్రవాకం' 2003 నుంచి 2008 దాకా, 'మొగలిరేకులు' 2008 నుంచి 2013 దాకా జెమినిలో నడిచాయి, రెండూ వెయ్యి ఎపిసోడ్లు దాటినవే. ఈటీవీలో 'అభిషేకం' 2008 చివర్లో మొదలై 2022 దాకా సాగి సుమారు 4,000 ఎపిసోడ్ల దగ్గర ఆగింది. అది మొదలైనప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, అది ముగిసేసరికి డిగ్రీలో ఉంది.

రోజూ రావడంతో కథ చెప్పే తీరే మారిపోయింది. వారానికి ఒకసారి వచ్చే కథలో ప్రతి భాగానికీ ఒక సంఘటన ఉండాలి. రోజూ వచ్చేదానికి అంత అక్కర్లేదు. పాత్రలు కాఫీ తాగొచ్చు, ముగ్గు వేయొచ్చు, అట్లతద్దికి గోరింటాకు పెట్టుకోవచ్చు, మన ఇంట్లో సంక్రాంతి ముందురోజు వాళ్లింట్లోనూ భోగి మంట వేయొచ్చు. ఈ మామూలు పనుల వల్లే వాళ్లు మనవాళ్లయిపోతారు. 'మొగలిరేకులు' హీరో వేసిన సాగర్‌ను ఆర్కే నాయుడు అని తప్ప అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. దీప వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. కార్తీక దీపానికి మూలం కూడా మలయాళ సీరియలే, 'కరుత్తముత్తు'. అందులోనూ నాయిక ఆవిడే. మన దగ్గర మాత్రం ఆవిడ వంటలక్క, ఇంకో పేరు అక్కర్లేదు.

సంభాషణలు మరీ విడమరిచి, చెప్పిందే చెప్పినట్టు ఉంటాయని ఇంకో ఫిర్యాదు. ఇది వినేటప్పుడు నాకు నరసాపురం లేసు అల్లకం గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా ఆడవాళ్లు ఇంటి దగ్గర కూర్చుని లేసు అల్లుతున్నారు. మా బంధువుల ఇంటి ఎదుట ఒక మామ్మగారు టీవీ గదిలోకి రారు. వెలుతురు కోసం గుమ్మంలో, టీవీకి పక్కవాటుగా కూర్చుంటారు. కళ్లు సూది మొన మీద, చూపుడువేలికి దారం చుట్ట. సీరియల్ నడుస్తుంటుంది. "నువ్వేనా రాజేశ్వరీ, ఇన్నాళ్లూ నన్ను మోసం చేసింది?" అని పాత్ర పేరుతో సహా వినిపించగానే సూది ఆగుతుంది. తల ఒక్కసారి తెర వైపు తిరుగుతుంది. ఆ ముఖం మీద కెమెరా మూడుసార్లు వెళ్లేది సరిగ్గా ఇలాంటి చూపు కోసమే. ఒకసారి చూడకపోతే రెండోసారైనా అందుతుంది. మామ్మగారు చూసి, "అదీ సంగతి" అని మళ్లీ గొలుసు కుట్టులోకి దిగిపోతారు. చేతుల నిండా పని ఉన్నవాళ్ల కోసం, సగం చెవితో వినేవాళ్ల కోసం పుట్టిన కళ ఇది. 1930లలో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి పగటి పూట కథలు నడిపించినప్పుడూ వినేవాళ్లు ఇంటి పనిలో ఉన్నవాళ్లే. థియేటర్లో కళ్లార్పకుండా చూసే సినిమాతో దీన్ని పోల్చి తక్కువ చేయడం అన్యాయం.

అలాగని సాగదీతను వెనకేసుకు రావడం లేదు. కథ పొడుగైతే తప్పు లేదు, ఆలస్యానికి ఖరీదు ఉండాలి. కుంతి నోరు విప్పకపోయిన ప్రతి రోజూ నష్టం పెరుగుతూ పోతుంది. చెబితే ఒక కొడుకు, చెప్పకపోతే ఇంకో కొడుకు. అక్కడ ఆలస్యమే కథ. పాత్రకు నిజం తెలుసుకునే దారి ఎదురుగా ఉన్నా, రేటింగు కోసం ఆ దారి మీద ప్రతి వారం ఒక కంచె వేస్తుంటే ప్రేక్షకులకు కోపం వస్తుంది. నిన్న తెలిసిన సంగతిని పాత్ర ఇవాళ మరిచిపోతే ఇంకా కోపం వస్తుంది. రోజూ చూసేవాళ్లు అన్నీ గుర్తుపెట్టుకుంటారు. ఆ జ్ఞాపకాన్ని గౌరవించని సీరియల్ ఎంత కొత్త మలుపు తిప్పినా నిలవదు.

మలుపుల వెనక నడిచేది, ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ సంస్థ నుంచి వారంవారం వచ్చే రేటింగుల లెక్క. అంకెలు పడితే కొత్త విలన్, ఇంకా పడితే పెళ్లి, అదీ కుదరకపోతే కాలం దూకించడం. 2022లో కార్తీక దీపంలో డాక్టర్ బాబును, వంటలక్కను ప్రమాదంలో చంపేసి, పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యారని కథ ముందుకు తీసుకెళ్లారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే ఇద్దర్నీ తిరిగి తీసుకురావాల్సి వచ్చింది. 2024 మార్చిలో అదే జంటతో రెండో భాగం కూడా మొదలైంది. కొత్త మొహాలు, కొత్త ఇల్లు, కొత్త ప్రేమకథ ఇచ్చినా ప్రేక్షకులు తమ మనుషుల్నే అడిగారు. కథకంటే పరిచయం ఎంత గట్టిదో ఇక్కడ తేలిపోయింది.

ఇప్పుడు ఈ రుచికి వచ్చిన అసలు ఇబ్బంది నిడివి వల్ల వచ్చింది కాదు. జియోహాట్‌స్టార్ యాప్‌లో డబ్బు కట్టినవాళ్లకు టీవీలో రాకముందే ఎపిసోడ్ దొరుకుతోంది. రేపటి మలుపును ఛానెలే ప్రోమోలో చూపించేస్తోంది. ఊరంతా ఒకేసారి చూసి, ఒకేసారి ఆగి, ఒకేసారి ఊహించే ఆ ఖాళీ సన్నబడిపోతోంది. కొన్ని ఇళ్లలో దీనికి వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కోడలు పొద్దున వంటింట్లో ఫోన్లో చూసేస్తుంది. అత్తగారు రాత్రి టీవీలో చూస్తారు. మధ్యలో రోజంతా ఆవిడ ఎంత అడిగినా కోడలు నోరు విప్పకూడదు. రాత్రి ఆ సీను వచ్చే వేళకు మాత్రం కోడలు పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, అత్తగారి ముఖం చూడటానికి.