పేకాట కౌబాయ్ కోర్టుకెక్కిన కథ

2023 మే నెలలో హాలీవుడ్ రచయితలు సమ్మెకి దిగారు. జూలైలో నటులూ వాళ్లతో కలిశారు. పని ఆగింది కాబట్టి డబ్బూ ఆపుతున్నామంటూ స్టూడియోలు కొందరు పెద్ద రచయితల, నిర్మాతల ఒప్పందాలను సస్పెండ్ చేశాయి. ఈ రెండు సంఘాలూ అలా ఒకేసారి సమ్మెలో ఉండటం అంతకుముందు 1960లోనే జరిగింది. అప్పుడు కూడా ఒక స్టూడియో ఇదే పని చేసింది. జీతం ఆగిన నటుడు మాత్రం ఊరుకోలేదు. కోర్టుకెక్కి గెలిచాడు.

ఆయన పేరు జేమ్స్ గార్నర్. 'ది నోట్‌బుక్'లో భార్యకి కథ చదివి వినిపించే ముసలాయనగా మనలో చాలామందికి తెలుసు. కానీ ఆయన్ని స్టార్‌ని చేసింది టీవీ, అందులోనూ కౌబాయ్ సీరియల్.

1950ల చివర్లో అమెరికన్ టీవీ నిండా గుర్రాలే. 1958-59 సీజన్‌లో ఎక్కువమంది చూసిన పది షోలలో ఏడు వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ కథలు. సినిమాకి టీవీ శత్రువని మొదట్లో భయపడిన వార్నర్ బ్రదర్స్, 1955లో ఏబీసీ ఛానల్ కోసం 'షయాన్' మొదలుపెట్టాక ఆ రుచి మరిగింది. స్టూడియోలో సెట్లు, పాత సినిమాల స్టాక్ షాట్లు సిద్ధంగా ఉన్నాయి. కావాల్సిందల్లా తక్కువ జీతానికి దొరికే కొత్త ముఖాలు.

గార్నర్ అలాంటి ముఖమే. ఓక్లహామాలోని నార్మన్‌లో 1928లో పుట్టాడు. అసలు ఇంటిపేరు బమ్‌గార్నర్. కొరియా యుద్ధంలో గాయపడి వచ్చాక, న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో సైనిక విచారణ మీద నడిచే ఒక నాటకంలో జడ్జీల వరసలో కూర్చునే వేషం దొరికింది. ఒక్క డైలాగూ లేదు. అందులో నటించిన పెద్ద స్టార్ హెన్రీ ఫోండాని రోజూ చూస్తూ పని నేర్చుకున్నాడు. తర్వాత వార్నర్ ఒప్పందం, 'షయాన్'లో చిన్న పాత్ర, 1957 సెప్టెంబర్‌లో 'మేవరిక్'.

బ్రెట్ మేవరిక్ మామూలు కౌబాయ్ హీరో కాదు. పేకాటే అతని బతుకుతెరువు. తుపాకీ తీసే పని పడితే మెల్లగా జారుకుంటాడు, మాటకి ముందు "మా నాన్న చెప్పేవాడు" అంటాడు. సృష్టికర్త రాయ్ హగిన్స్ కావాలనే హీరోయిజాన్ని తలకిందులు చేశాడు. ఆదివారం రాత్రి వేరే ఛానల్లో బాగా పేరున్న ఎడ్ సలివన్ వినోద షోకి ఎదురుగా వేసినా జనం దీన్నే చూశారు. ఒక్కో ఎపిసోడ్ తీయడానికి వారం కంటే ఎక్కువ పట్టేది, ప్రసారమేమో వారానికొకటి. అందుకే జాక్ కెల్లీ అనే నటుణ్ని బ్రెట్ సోదరుడిగా తెచ్చి, రెండు యూనిట్లతో షూటింగ్ నడిపారు. 1959లో ఉత్తమ వెస్టర్న్‌గా టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది.

డబ్బు దగ్గరకొస్తే స్టూడియో పిసినారితనానికి అంతు లేదు. హగిన్స్‌కి సృష్టికర్తగా ఇవ్వాల్సిన రాయల్టీ ఎగ్గొట్టడానికి, ఆయన రాసిన ఎపిసోడ్‌ని పక్కనపెట్టి స్టూడియో హక్కులున్న ఇంకో కథని ముందు ప్రసారం చేశారు. గార్నర్ జీతం మొదట్లో వారానికి 500 డాలర్లు. దేశమంతా తెలిసిన ముఖానికి అది చాలా తక్కువ.

ఈ జీతాల మీద ముందు తిరగబడింది 'షయాన్' హీరో క్లింట్ వాకర్. ఆరున్నర అడుగుల మనిషి. బయట ఊళ్లలో కనిపించి సంపాదించిన దాంట్లో కూడా స్టూడియోకి సగం ఇవ్వాలన్న నిబంధన నచ్చక 1958లో సెట్ వదిలి వెళ్లిపోయాడు. స్టూడియో కంగారు పడలేదు. టై హార్డిన్ అనే కొత్తవాణ్ని తెచ్చి, 'షయాన్' పేరు మీదే షో నడిపించింది. ఒప్పందం ఉండగా వాకర్ ఇంకెక్కడా పనిచేయలేడు. 1959లో కొన్ని సడలింపులతో తిరిగొచ్చాడు.

ఇదే స్టూడియోని సినిమా నటి ఒలీవియా డి హావిలాండ్ 1944లో కోర్టులో ఓడించింది. సస్పెండ్ చేసిన రోజుల్ని ఒప్పందం చివర కలిపి నటుల్ని ఏళ్లకేళ్లు పట్టి ఉంచే ఆనవాయితీ చెల్లదని, ఒప్పందానికి చట్టం పెట్టిన ఏడేళ్ల గడువంటే క్యాలెండర్ ఏడేళ్లేనని అప్పుడు తేలింది. కానీ ఆ ఏడేళ్ల లోపల మాత్రం పగ్గాలు స్టూడియో చేతిలోనే ఉండేవి.

1960 జనవరిలో రచయితల సమ్మె మొదలైంది. మార్చిలో స్క్రిప్టులు లేవంటూ వార్నర్ బ్రదర్స్ గార్నర్‌కీ కెల్లీకీ జీతం ఆపేసింది. మన చేతిలో లేని విపత్తు వచ్చి పని ఆగితే డబ్బు ఇవ్వక్కర్లేదన్న క్లాజు ఒప్పందంలో ఉంది. గార్నర్ దావా వేశాడు. విచారణలో బయటపడిందేంటంటే, సమ్మె నడుస్తున్నా స్టూడియోలో స్క్రిప్టులు తయారవుతూనే ఉన్నాయి. ఒక సీరియల్ పాత కథని ఇంకో సీరియల్‌కి మార్చి, రచయిత పేరు దగ్గర 'డబ్ల్యూ. హెర్మనోస్' అని వేసేవాళ్లు. హెర్మనోస్ అంటే స్పానిష్‌లో బ్రదర్స్. అంత బాహాటంగా దొంగపేరు పెట్టుకున్నవాళ్లు కోర్టులో 'మాకు స్క్రిప్టులు లేవు' అన్నారు! జీతం ఆపి స్టూడియోనే ఒప్పందాన్ని ఉల్లంఘించింది కాబట్టి గార్నర్‌కి ఇక ఆ బంధం లేదని డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. 1961లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది.

దీన్ని ఒక్కడు పెద్ద కంపెనీని మట్టికరిపించిన కథగా చెప్పుకుంటారు గానీ, నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. వాకర్ పోట్లాడింది తాను సంతకం పెట్టిన షరతుల మీద. గార్నర్ ఆ షరతుల్ని ముట్టుకోలేదు, వాటిని స్టూడియోనే తప్పిందని చూపించాడు. అందుకే గెలుపు ఆయన ఒక్కడికే దక్కింది. మిగతా వార్నర్ టీవీ నటుల ఒప్పందాలు ఎప్పటిలాగే ఉన్నాయి. కెల్లీ 'మేవరిక్'లోనే ఉండిపోయాడు. గార్నర్ ఖాళీలోకి ఇంగ్లండ్ నుంచి వచ్చిన బంధువు పాత్రలో రోజర్ మూర్‌ని దింపారు. తర్వాతి కాలపు జేమ్స్ బాండ్‌ కౌబాయ్ టోపీలో! షో 1962లో ముగిసింది.

గార్నర్ మాత్రం 1963లో 'ది గ్రేట్ ఎస్కేప్'తో సినిమాల్లో నిలదొక్కుకున్నాడు. టీవీ నటుణ్ని పెద్ద తెర చిన్నచూపు చూసే రోజులవి. 1974లో హగిన్స్ సహసృష్టికర్తగా వచ్చిన 'ది రాక్‌ఫర్డ్ ఫైల్స్'తో మళ్లీ టీవీకి వచ్చాడు. ఈసారి జీతంతో సరిపెట్టుకోకుండా లాభాల్లో వాటా రాయించుకున్నాడు. హిట్టయిన ఆ షో నష్టాల్లో ఉందని దాన్ని తీసిన యూనివర్సల్ స్టూడియో లెక్క చూపించడంతో 1983లో మళ్లీ దావా వేశాడు. 1989లో రాజీ కుదిరింది, ఎంతకన్నది బయటపెట్టలేదు. 1994లో 'మేవరిక్' సినిమాగా వచ్చినప్పుడు బ్రెట్‌గా మెల్ గిబ్సన్ వేస్తే, గార్నర్ కూడా అందులో ఒక ముఖ్య పాత్ర చేశాడు. ఆ సినిమా తీసింది వార్నర్ బ్రదర్సే.