బొగ్గింజను నిద్ర లేవాలంటే

హర్యానాలోని రేవాడి లోకో షెడ్డు 1893 నాటిది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద బొగ్గింజన్ల రోజువారీ పరుగు 1995లో ఆగిపోయినా, ఈ షెడ్డులో వాటికి ఇంకా నిప్పు పడుతూనే ఉంది. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ తయారుచేసిన, డబ్ల్యూపీ అనే రకానికి చెందిన 7200 ‘ఆజాద్’, 1965లో చిత్తరంజన్‌లో తయారైన 7161 ‘అక్బర్’ ఇక్కడివే. ముక్కు గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చి, దాని మీద నక్షత్రం ఉండే ఇంజన్లివి. ఒకప్పుడు కాజీపేట, బెజవాడల మీదుగా మెయిళ్లను లాగిందీ ఈ జాతే.

ఉదయం పదింటికి బండి కదలాలంటే ముందురోజే చిన్న మంట పెట్టాలి. చాదస్తంలా కనిపించినా, బాయిలర్ ఆయుష్షు ఈ నిదానంలోనే ఉంది. డబ్ల్యూపీలో ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 14.8 కిలోలు. ఆ ఒత్తిడిలో నీళ్లు మరగాలంటే 200 డిగ్రీల వేడి కావాలి. ఆరు మీటర్ల ఉక్కు బాయిలర్ 20 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు చేరేసరికి 13 మిల్లీమీటర్ల దాకా పొడవు పెరుగుతుంది. అందుకే దాన్ని ముందువైపు, సిలిండర్ల దగ్గర మాత్రమే గట్టిగా బిగిస్తారు. వెనక ఫైర్‌బాక్స్ (మంట మండే పెట్టె) వైపు జారడానికి వీలుగా వదిలేస్తారు. పెరిగేదేదో అన్ని భాగాలూ కలిసి పెరిగితే ఇబ్బంది లేదు. పెద్ద మంట ఒక్కసారిగా పెడితే పైన నీళ్లు మరుగుతుంటాయి, అడుగున చేయి పెట్టగలిగేంత చల్లగా ఉంటాయి. ఒక రేకు సాగుతుంటే పక్క రేకు కదలదు. అప్పుడు మంట వేడిని నీళ్ల నడుమగా తీసుకెళ్లే ట్యూబుల మొదళ్లు కారడం మొదలవుతుంది, స్టేలు తెగుతాయి.

స్టేల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఫైర్‌బాక్స్ అంటే పెట్టెలో పెట్టె. లోపలి పెట్టెలో మంట, రెండు పెట్టెల నడుమ నీళ్లు. ఆ చదును గోడలు ఒత్తిడికి ఉబ్బిపోకుండా వందలాది కడ్డీలు వాటిని ఒకదానికొకటి కట్టి ఉంచుతాయి. వీటినే స్టేలు అంటారు. స్టేకీ స్టేకీ మధ్య పది సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, ఒక్కో స్టే మీద పడే బరువు దాదాపు టన్నున్నర. ఒకటి తెగితే దాని బరువు చుట్టుపక్కల వాటి మీద పడుతుంది, అవీ వరసగా తెగే ప్రమాదం ఉంది. తెగిన సంగతి బయటికి తెలియాలి కదా! దానికోసం స్టే చివర సన్నటి రంధ్రం తొలిచి ఉంచుతారు. స్టే విరిగిందంటే ఆ రంధ్రంలోంచి ఆవిరి చిమ్ముతుంది. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన హెచ్చరిక ఇంజనీరింగ్‌లో అరుదు.

నిప్పు పెట్టేముందు చూడాల్సింది నీళ్లు. బాయిలర్‌లో నీటి మట్టాన్ని చూపే గాజు గొట్టమే గేజ్ గ్లాసు. అందులో నీరు కనిపించినంత మాత్రాన నమ్మకూడదు. దారిలో గార (నీళ్లలోని ఉప్పులు గట్టిపడి పేరుకున్నది) అడ్డుపడితే గ్లాసు పాత మట్టాన్నే చూపిస్తూ ఉంటుంది. ఆవిరి పుట్టాక గ్లాసుకున్న కుళాయిలను, అంటే ఆవిరి కాక్‌నీ నీటి కాక్‌నీ విడివిడిగా తెరిచి, అడుగు కాక్ గుండా ఊదించి, నీరు చురుగ్గా తన మట్టానికి తిరిగి వస్తోందా అని చూడాలి. గ్లాసు వెనక ఏటవాలు గీతలు ఉంటాయి. నీరున్న చోట అవి అటుది ఇటు వాలినట్టు కనిపిస్తాయి. కాంతి వక్రీభవనం ఇక్కడ ఫైర్‌మన్‌కు పనికొస్తోంది.

మట్టం మరీ పడిపోయి ఫైర్‌బాక్స్ కప్పు మీద నీళ్లు లేకుండా పోతే, ఆ రేకు నిమిషాల్లో మెత్తబడుతుంది. కప్పులో బిగించిన లెడ్ ప్లగ్ ఆఖరి రక్షణ. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన నీళ్లున్నంత కాలం అంత వేడి ఎక్కదు. నీళ్లు పోతే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి మంట మీదకు దూకుతుంది. ప్లగ్ మీద గార పేరుకుంటే ఈ రక్షణా పనిచేయకపోవచ్చు. కాబట్టి బాయిలర్ కడిగినప్పుడల్లా దాన్ని విప్పి చూడాలి.

బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్ మరో వింత. బాయిలర్ తన ఆవిరితోనే, తన ఒత్తిడికే ఎదురుగా, నీళ్లను లోపలికి తోసుకుంటుంది. వేగంగా వచ్చే ఆవిరి చన్నీళ్లకు తగిలి నీరుగా మారుతూ తన వేగాన్ని వాటికి ఇచ్చేస్తుంది. ఇంజన్ వెనక నీళ్లూ బొగ్గూ మోసే టెండర్‌లో నీళ్లు బాగా వేడెక్కి ఉంటే ఆవిరి చల్లబడదు, ఇంజెక్టర్ కక్కేస్తుంది. అప్పుడు దాని మీద బకెట్లతో చన్నీళ్లు పోస్తారు. దీన్ని ఫ్రాన్స్‌లో జిఫార్ కనిపెట్టింది 1858లో. 1997లో మళ్లీ పట్టాలెక్కి పేరు తెచ్చుకున్న ఫెయిరీ క్వీన్ అనే ఇంజన్ ఇంజెక్టర్ రావడానికి మూడేళ్ల ముందే, 1855లో, లీడ్స్‌లో తయారైంది. ఇంజెక్టర్ రాకముందు ఇంజన్లలో చక్రాల కదలికతో నడిచే పంపులుండేవి. బండి నిలబడితే నీళ్లు ఎక్కవు. నీళ్ల కోసమే ఇంజన్ను పట్టాల మీద ముందుకూ వెనక్కూ తిప్పేవాళ్లు.

మంట సంగతికొస్తే, కొంచెం కొంచెం, తరచుగా వేయడమే పద్ధతి. గుట్టగా పోస్తే గాలి ఆడదు, నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ అంటే కాలని బొగ్గు గాలిలోకి పోతున్నట్టే. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుతో ఇంకో తంటా ఉంది. బూడిద కరిగి, బొగ్గు మండే ఇనుప జాలీ అయిన గ్రేటు మీద గట్టి అట్టలా అతుక్కుంటుంది. పొడవాటి ఇనుప చువ్వతో దాన్ని పగలగొట్టి తీయాల్సిందే. సిలిండర్లకు ఆవిరిని పంపే రెగ్యులేటర్ మూసేముందు, పొగగొట్టంలోకి ఆవిరి ఊదే బ్లోయర్ తెరవడం మాత్రం ఎన్నడూ మరవకూడదు. పరుగులో సిలిండర్ల నుంచి వచ్చే ఆవిరే పొగగొట్టంలోకి మంటను లాగుతుంది. అది ఆగిపోతే మంట తలుపులోంచి క్యాబ్‌లోకి ఎగదన్నుతుంది. సొరంగాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

నీలగిరి కొండ రైలుకు ఇవన్నీ ఉంటూనే ఇంకొకటి తోడవుతుంది. అక్కడ పళ్ల పట్టా మీద 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలి. బాయిలర్ కూడా అంతే వాలుతుంది. మూడు మీటర్ల పొడవులో ఈ చివరకూ ఆ చివరకూ నీటి లోతులో 25 సెంటీమీటర్ల తేడా వస్తుంది.

సాయంత్రం పని కూడా నిదానంగానే సాగాలి. మంట తగ్గనిచ్చి, గ్లాసు దాదాపు నిండేదాకా నీళ్లు ఎక్కించాలి. 200 డిగ్రీల దగ్గరున్న వంద లీటర్ల నీరు పూర్తిగా చల్లారితే 87 లీటర్లకు దిగుతుంది. తర్వాత గ్లాసులో మట్టం పడిపోయి కనిపిస్తే కారిందని కంగారు పడనక్కర్లేదు. చివరగా మంటకు గాలి అందించే తలుపులు, డ్యాంపర్లు మూసి, పొగగొట్టానికి మూత పెట్టాలి. రాత్రి చలిగాలి ట్యూబుల్లోంచి వీస్తే వాటి మొదళ్లు వదులై, తెల్లవారేసరికి కారుతుంటాయి.