క్యాప్ వేసిన పంటికి మళ్లీ చీము: పీకుడు దాకా ఎందుకు పోవాలి?

"రూట్ కెనాల్ చేయించిన, క్యాప్ గూడ ఏయించిన. మళ్ల చీము పట్టింది సార్." హన్మకొండ చౌరస్తా దగ్గర ఏ పళ్ల డాక్టరు గదిలో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. పెదవి ఎత్తి చూస్తే క్యాప్ పైన చిగురు మీద కందిగింజంత పొక్కు. నొక్కితే కారుతుంది, నాలుగు రోజులకు మళ్లీ నిండుతుంది. ఎక్స్‌రేలో వేరు కొస చుట్టూ నల్లటి మచ్చ. "పీకెయ్యండి" అని వెంటనే అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ మాట ఒకప్పుడు డాక్టర్లదే. ఒంట్లోని ఎన్నో రోగాలకు నోట్లోని చీమే మూలమని 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగించాక, నిలబెట్టగలిగిన పళ్లను కూడా దశాబ్దాల పాటు ఊడబీకారు. వేరు కొస కోసి పన్నును కాపాడే ఆపరేషన్ అప్పటికే ఉంది. కానీ పాత పద్ధతిలో కంటికి కనపడాలని ఎముకకు పెద్ద రంధ్రం చేసి, వేరును 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, అమాల్గం (పాదరసం కలిసిన లోహ మిశ్రమం) కూరేవారు. ఏటవాలు కోతతో అవతలి వైపు వేరు లోపలి సన్నటి కాలువలు తెగకుండా మిగిలిపోయేవి. అమాల్గం అంచుల నుంచి క్రిములు మళ్లీ దూరేవి.

1990లలో మైక్రోస్కోప్, అల్ట్రాసోనిక్ మొనలు (అతి వేగంగా కంపించే సన్నటి పనిముట్లు) వచ్చాక కథ మారింది. కొసను 3 మిల్లీమీటర్లు అడ్డంగా కోస్తారు, కాలువ వెంటే మరో 3 మిల్లీమీటర్లు లోపలికి శుభ్రం చేసి మూసేస్తారు. అందులో నింపే ఎంటీఏ అనే పదార్థం 1993లో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీ నుంచి వచ్చింది. అది ఇళ్లు కట్టే సిమెంటుకు దగ్గరి చుట్టం, తడిలోనే గట్టిపడుతుంది. నెత్తురు ఊరే చోట అంతకంటే ఏం కావాలి? అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2010లో లెక్కేస్తే పాత పద్ధతికి 59 శాతం, కొత్తదానికి 94 శాతం విజయం తేలింది. మైక్రోస్కోప్ లేకుండా మిగతావన్నీ కొత్తగా చేస్తే 88 అని 2012 లెక్కలో తేలింది. ఆ తేడా ముఖ్యంగా దవడ పళ్లలోనే కనిపించింది.

అయితే ముందు అడగాల్సింది రూట్ కెనాల్ మళ్లీ చేయడం కుదురుతుందా అని. కుదరకపోతేనే ఆపరేషన్. అప్పుడు మైక్రోస్కోప్ ఉందా, కొసలో ఏం నింపుతారు అని మొహమాటం లేకుండా అడగండి. కింది చివరి దవడ పళ్ల దగ్గర ఎముక మందం, నరం పక్కనే. అక్కడ కొందరు పన్ను మెల్లగా తీసి, చేతిలోనే కొస బాగుచేసి, నిమిషాల్లో తిరిగి అదే గుంటలో పెడతారు. వేరు నిలువునా చీలితే మాత్రం ఇవేవీ పనిచేయవు, చాలావరకు పీకాల్సిందే.